20 మిల్లీమీటర్ల గొంతు: ఫార్ములా స్టూడెంట్ కారులో బైక్ ఇంజిన్ లాగకపోతే

ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా రేసు కారు కట్టి దిగే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో, మన ఫార్ములా భారత్‌లో కూడా, పెట్రోల్ కారుకి 710 సీసీ దాకా ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పెట్టుకోవచ్చు. అయితే ఇంజిన్ పీల్చే గాలంతా 20 మి.మీ. గుండ్రటి రెస్ట్రిక్టర్‌లోంచే, అంటే గాలికి పరిమితి పెట్టే ఇరుకు గొంతులోంచే, పోవాలి. టర్బో లేని ఇంజిన్‌కి వరస ఇది: థ్రాటిల్ బాడీ (పెడల్ తొక్కితే గాలికి తెరుచుకునే కవాటం), రెస్ట్రిక్టర్, ఆ తర్వాత ఇంజిన్. 600 సీసీ నాలుగు సిలిండర్లనీ, 373 సీసీ సింగిల్ సిలిండర్‌నీ ఒకే బరిలో నిలబెట్టేది ఈ రంధ్రమే.

సమస్య: 600 సీసీ ఇంజిన్ 9-10 వేల ఆర్‌పీఎం దాటాక అరుస్తుంది గానీ కారు లాగదు.

కారణం: గొంతు దగ్గర గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక, ఎంత పీల్చినా అంతకు మించి రాదు. 30 డిగ్రీల వేడిలో, సముద్ర మట్టం దగ్గర లెక్క ప్రకారం వచ్చేది సెకనుకి సుమారు 74 గ్రాములు. అదే ఇంజిన్ 13,500 దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండాలంటే దాదాపు 79 గ్రాములు కావాలి. పైగా డిఫ్యూజర్‌లో, అంటే గొంతు దాటాక మెల్లగా వెడల్పయ్యే గొట్టంలో, పోయే ఒత్తిడి ఉంది కాబట్టి పవర్ అంతకు ముందే చదునైపోతుంది.

పరిష్కారం: పై ఆర్‌పీఎం మీద ఆశ వదలండి. డేటా లాగ్‌లో పవర్ ఎక్కడ వాలిందో చూసి, అక్కడే గేరు మార్చండి. వెనక స్ప్రాకెట్ ఒకటి రెండు పళ్లు చిన్నది వేసి మళ్లీ పరీక్షించండి. డిఫ్యూజర్ గోడ వాలు ఒక్కో వైపు 6-7 డిగ్రీలు ఉంచండి. పొట్టిగా చేద్దామని వాలు పెంచితే గాలి గోడని వదిలేస్తుంది.

సమస్య: 373 సీసీ సింగిల్‌కి సగటున 9,000 దగ్గర కావలసింది 33 గ్రాములే, అయినా ఊపిరాడనట్టు ఉంటుంది.

కారణం: ఆ గాలిని అది నాలుగు స్ట్రోకుల్లో ఒక్క స్ట్రోకులోనే లాగుతుంది. ఆ క్షణాన అడిగేది నాలుగింతలు, అంటే 130 గ్రాములు. రెస్ట్రిక్టర్ ఇవ్వలేదు.

పరిష్కారం: రెస్ట్రిక్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ప్లీనమ్ (గాలి నిలవ ఉండే డబ్బా) పెట్టండి. రెండున్నర లీటర్లతో మొదలుపెట్టండి. మిగతా మూడు స్ట్రోకుల్లో అది నిండుతుంది. మరీ పెద్దదైతే పెడల్ తొక్కగానే స్పందన మందగిస్తుంది. మొదటిసారి కారు కట్టేవాళ్లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ డబ్బానే.

సమస్య: ఇన్‌టేక్ నోరు మూసినా ఇంజిన్ ఆగదు. తనిఖీలో ఇక్కడే ఆపేస్తారు.

కారణం: ఎక్కడినుంచో దొంగగాలి వస్తోంది. ఇంజెక్టర్ ఓ-రింగ్, మ్యాప్ సెన్సార్ (ప్లీనమ్‌లో ఒత్తిడి కొలిచేది) గొట్టం, ప్లీనమ్ అతుకులు చూడండి. త్రీడీ ప్రింట్ చేసిన నైలాన్ అయితే గోడలోంచే గాలి పీలుస్తుంది.

పరిష్కారం: ఇంజిన్ ఆపి, నోరు మూసి, రెగ్యులేటర్‌తో 0.1 బార్ మించకుండా గాలి పట్టి, సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచిన చోటే లీకు. లోపలి గోడకి ఎపాక్సీ పూత వేయండి. రెస్ట్రిక్టర్ దాటాక వచ్చే గాలితో పవర్ పెరిగినా అది మోసమే, ఉంచుకోకండి.

తనిఖీలో పెట్టే గేజ్ (కొలత కడ్డీ) రంధ్రంలోంచి జారిపోతే రెస్ట్రిక్టర్ పెద్దదైనట్టే. ప్రింట్ చేసినదాన్ని అలాగే వాడకుండా, కాస్త చిన్నగా చేసి 19.9 మి.మీ.కి రీమ్ చేయండి (రీమర్‌తో రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కండి). పోయేది ఒక్క శాతం వైశాల్యమే.

సమస్య: ఫుల్ థ్రాటిల్‌లో నల్ల పొగ, ప్లగ్ మీద మసి.

కారణం: బైక్‌తో వచ్చిన మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టిక), థ్రాటిల్ తెరిచినకొద్దీ గాలి పెరుగుతుందనుకుని పెట్రోల్ పోస్తుంది. పై ఆర్‌పీఎంలో థ్రాటిల్ సగం దాటాక గాలి పెద్దగా పెరగదు.

పరిష్కారం: ప్లీనమ్ ఒత్తిడిని బట్టి పెట్రోల్ కొలిచేలా మ్యాప్ మార్చి, పొగగొట్టంలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ చూస్తూ ఫుల్ లోడ్‌లో లాంబ్డా (గాలి-పెట్రోల్ నిష్పత్తి; 1 అంటే సరిసమానం, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) 0.88 దగ్గరికి తెచ్చుకోండి.