క్రిస్మస్‌కి పిల్లల గిఫ్టులకి ఎంత పెట్టాలి? నవంబర్‌లోనే తేల్చుకునే పద్ధతి

క్రిస్మస్ నెలాఖరులో వస్తుంది. పిల్లల గిఫ్టుల గురించి ఎవరు ఏ సలహా చెప్పినా ముందు ఈ సంగతి చూసుకోండి, ఎందుకంటే 1వ తారీఖున వచ్చిన జీతం 20 దాటేసరికి సగానికి పైగా కరిగిపోయి ఉంటుంది, సరిగ్గా అప్పుడే బట్టలు, కేకు, స్టారు, పిండివంటలు, అమ్మమ్మగారి ఊరి ప్రయాణం అన్నీ మీద పడతాయి, వారం తిరక్కుండా జనవరి 1కి ఇంకో జత బట్టలు. అది కాగానే సంక్రాంతి సెలవులు, ఆ వెనకే పరీక్ష ఫీజులు, స్కూల్లో మిగిలిపోయిన టర్మ్ ఫీజు. పిల్లల గిఫ్టు డబ్బులు ఇన్నిటి మధ్యలోంచి రావాలి.

అందుకే "పిల్లాడికి వెయ్యి పెట్టాలా, మూడు వేలు పెట్టాలా" అని పక్కింటివాళ్లని అడిగి లాభం లేదు. ఆ అంకె మీ ఇంట్లోంచే రావాలి, అదీ అన్నిటికంటే చివర్లో రావాలి. నవంబర్ మొదటి వారంలో, వీధిలో ఒక్క స్టారు కూడా వెలగకముందే, భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. మనసులో వేసుకున్న లెక్క షాపు గుమ్మం దాటగానే మారిపోతుంది, కాగితం మీద ఉన్నది అంత తేలిగ్గా మారదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకి 30,000 జీతం, ఇద్దరు పిల్లలు. అద్దె, సరుకులు, ఫీజులు, చీటీ, కరెంటు అన్నీ కలిపి 23,000 పోతే చేతిలో మిగిలేది 7,000. జూలై నుంచి నవంబర్ దాకా నెలకో వెయ్యి పక్కన పెట్టుకుని ఉంటే ఇంకో 5,000. మొత్తం 12,000. ఇందులో పండగ వంటకీ, కేకుకీ, పిండివంటలకీ 3,000, చర్చి కానుకకీ పాస్టర్ గారికి ఇచ్చేదానికీ 1,000, స్టారూ లైట్లూ 500, ప్రయాణానికి 1,500, చలికాలం కదా, పిల్లలకి దగ్గో జ్వరమో వస్తే మందులకని కదపకుండా ఉంచాల్సింది 1,000. ఇవి 7,000. మిగిలింది 5,000. పెద్దవాళ్ల బట్టలకి 1,400 తీసేస్తే పిల్లలకి 3,600, అంటే ఒక్కొక్కరికి 1,800. అందులో పండక్కి ఒక జత, కొత్త సంవత్సరానికి ఒక జత, జత 600 చొప్పున 1,200. గిఫ్టుకి 600.

అదీ లెక్క. మీ ఇంట్లో అది 300 కావచ్చు, 3,000 కావచ్చు. ఎంతైనా సరే, పైనుంచి ఒక్కొక్కటీ తీసుకుంటూ వస్తే చివరికి తేలిన అంకె మీదే అనిపిస్తుంది, దాన్ని చూసి సిగ్గుపడాల్సిన పనీ లేదు, గొప్పపడాల్సిన పనీ లేదు. జనవరి 1న వచ్చే జీతాన్ని మాత్రం ఈ కాగితం మీద రాయకండి. అది పండగ అయిపోయాక వచ్చే డబ్బు, దాని ఖర్చులు దానికి ఉన్నాయి.

అంకె చిన్నదిగా కనబడగానే చాలామంది చేసే పని, తెలిసినవాళ్ల దగ్గర ఓ 5,000 చేబదులు. మూడు రూపాయల వడ్డీ అంటే పెద్దగా అనిపించదు గానీ 5,000కి నెలకి 150, ఈస్టర్ దాకా తీర్చలేకపోతే దగ్గర దగ్గర 600. పైన లెక్కలో ఒక పిల్లాడి గిఫ్టు మొత్తం వడ్డీకే పోయింది చూడండి. ఫోన్లో రెండు నిమిషాల్లో డబ్బులిస్తామనే లోన్ యాప్‌ల జోలికి అసలు పోవద్దు, పండగ గిఫ్టు కోసం ఆ టెన్షన్ ఇంట్లోకి తెచ్చుకోకండి. ఇక ఫోన్లకీ ట్యాబ్‌లకీ వచ్చే నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి రాసింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్ రాకపోవడంలోనో ఎక్కడో ఒకచోట ఉంటుంది. రొక్కానికైతే ఎంత అని ముందు అడగండి, తేడా అక్కడే బయటపడుతుంది.

ఇప్పుడు బట్టలు. మన క్రిస్టియన్ ఇళ్లల్లో పిల్లలకి అసలు గిఫ్టు అంటే కొత్త బట్టలే, ఆరాధనకి కొత్త బట్టలు వేసుకుని వెళ్లకపోతే పండగే కానట్టు. కాబట్టి డబ్బు ఎక్కువ పోయేదీ, ఎక్కువ ఆదా చేయగలిగేదీ ఇక్కడే. కుట్టించేటట్లయితే గుడ్డ నవంబర్ 15 లోపు టైలర్‌కి ఇచ్చేయండి, డిసెంబర్ పది దాటితే సగంమంది టైలర్లు తీసుకోరు, తీసుకున్నా అర్జెంటని ఎక్కువ అడుగుతారు. ఆడపిల్ల గౌనుకి కింద మూడు వేళ్ల వెడల్పు మడత లోపలికి పెట్టి కుట్టమని, పక్క కుట్లలో వేలెడు గుడ్డ వదలమని నోటితో చెప్పండి. చెప్పకపోతే కత్తిరించేస్తారు. అలా వదిలిన గౌను వచ్చే క్రిస్మస్‌కి మడత విప్పి, కుట్టు జరిపి వేసుకోవచ్చు. కాకపోతే మొదటి మడత గీత కనబడుతుంది, దాని మీద ఒక లేసు కుట్టిస్తే సరిపోతుంది. మగపిల్లల ప్యాంటుకీ అంతే.

రెడీమేడ్ అయితే ధర చీటీ చూసేటప్పుడు ఒక సంగతి గమనించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పార్టీవేర్ పేరుతో పిల్లలకి అమ్మే బరువైన గౌన్లూ సూట్లూ చాలావరకు ఆ గీత దాటే ఉంటాయి, పైగా వాటిని పిల్లలు ఆరాధన అయ్యేదాకా కూడా ఒంటి మీద ఉంచుకోరు, గుచ్చుకుంటోందని ఏడుస్తారు. నా మాటగా చెప్తున్నాను, నాలుగేళ్ల పిల్లకి చెమ్కీ గౌను కంటే మెత్తటి కాటన్ గౌనే పండగ. విజయవాడ బీసెంట్ రోడ్డు, సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్లకి నవంబర్‌లో ఒక మామూలు రోజు వెళ్తే బేరమాడే వీలుంటుంది, డిసెంబర్ మూడో ఆదివారం వెళ్తే నిలబడే చోటు కూడా ఉండదు, చెప్పిన ధర ఇచ్చి వచ్చేయాల్సిందే.

స్కూల్లోనో సండే స్కూల్లోనో సెమీ క్రిస్మస్ ప్రోగ్రాం అంటారు, మీవాడు క్రిస్మస్ తాత అంటారు, లేదా దేవదూత, గొర్రెల కాపరి. ఒక్క పూట వేషానికి డ్రెస్ కొనకండి. ఫ్యాన్సీ డ్రెస్ అద్దెకిచ్చే షాపులు దాదాపు ప్రతి టౌన్లో ఉన్నాయి. గొర్రెల కాపరికైతే నాన్న లుంగీ, తలకి తువ్వాలు, చేతికో కర్ర చాలు, తరతరాలుగా మన చర్చిల్లో అంతే కదా.

బట్టలు పోగా మిగిలిన 600కి ఏం కొనాలి? ఒక్కటే మంచిది కొనండి. అమెరికాలోని టొలెడో యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లల్ని 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. ఇది ఇంట్లో చూసే సంగతే, అరడజను ప్యాకెట్లు విప్పిన పిల్లాడు సాయంత్రానికి అట్టపెట్టెతో ఆడుకుంటుంటాడు. షటిల్ బ్యాట్ల జత, క్యారమ్ కాయిన్లూ స్ట్రైకరూ, టెన్నిస్ బంతితో ఆడే బ్యాటు, బొమ్మల కథల పుస్తకాలు, మంచి రంగుల డబ్బా, ఇవన్నీ ఆ డబ్బులోనో కాస్త అటూఇటూగానో వస్తాయి. పుస్తకాల మీద జీఎస్టీ లేదు, ఇప్పుడు క్రేయాన్లు, పెన్సిళ్లు, నోటు పుస్తకాల మీద కూడా తీసేశారు.

బొమ్మ కొంటే పెట్టె తిప్పి చూడండి. ఏటికొప్పాక, కొండపల్లి లాంటి చేతివృత్తుల బొమ్మలకి మినహాయింపు ఉంది గానీ, 14 ఏళ్ల లోపు పిల్లల మిగతా బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది, అది బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసినవాళ్ల పేరు వస్తుంది, రాకపోతే ఆ బొమ్మ అక్కడే వదిలేయండి. ఇంకొకటి, ఇది ఖర్చు కంటే ముఖ్యం. బటన్ సెల్, అంటే చొక్కా గుండీలా ఉండే చిన్న బ్యాటరీ, వేసిన బొమ్మ అయితే సెల్ మూతకి స్క్రూ ఉందో లేదో గోటితో లాగి చూడండి. వేలితో ఊడివచ్చే మూతైతే చిన్నపిల్లలున్న ఇంటికి వద్దే వద్దు. మింగిన బటన్ సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేస్తుంది. రోడ్డు పక్కన 50కీ 100కీ అమ్మే లైటు బొమ్మల్లో ఎక్కువగా ఉండేవి ఈ సెల్సే. చిన్నవాళ్లకి ఏటికొప్పాక లక్క బొమ్మలు మంచివి, చెక్కతో గుండ్రంగా చేస్తారు, రంగులు చెట్ల నుంచి తీసినవి. కొండపల్లి బొమ్మ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ తేలిక చెక్క, రెండేళ్ల పిల్లాడి చేతిలో నిలవదు, అది షోకేసుకి.

హోల్‌సేల్‌గా కావాలంటే హైదరాబాద్‌లో బేగంబజార్ ఉంది. ఒక్క ఇంటికోసం అంత దూరం వెళ్లడం దండగ, కానీ నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే, లేదా సండే స్కూల్ పిల్లలందరికీ కొనాలంటే వెళ్లాల్సిందే. ఆన్‌లైన్లో కొనేవాళ్లు దసరా, దీపావళి సేల్స్ అప్పుడే కొని బీరువాలో పైన పెట్టేయండి.

ఇద్దరు పిల్లలుంటే వచ్చే గొడవ వేరు. పదేళ్లవాడికి కావాల్సింది, మూడేళ్లదానికి కావాల్సింది ఒకే ధరలో ఉండవు. చిన్నపిల్లలు ప్యాకెట్లు లెక్కపెడతారు, పెద్దపిల్లలు రూపాయలు లెక్కపెడతారు. కాబట్టి ప్యాకెట్ల సంఖ్య ఇద్దరికీ సమానంగా ఉంచండి, ధర తేడా ఉంటే పెద్దవాడికి అర్థమయ్యేట్టు చెప్పండి. సైకిల్ లాంటి పెద్ద వస్తువైతే "ఇది నీకు క్రిస్మస్‌కీ పుట్టినరోజుకీ కలిపి" అని ముందే అనుకోవాలి, కొన్నాక చెప్తే మోసం చేసినట్టు ఉంటుంది. ఈ ఏడాది ఎవరికి పెద్దది వచ్చిందో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి, పిల్లలు ఇలాంటివి మర్చిపోరు, మర్చిపోయేది మనమే.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి ఆ కాగితం చూపించండి. చాలామంది ఇక్కడ వెనక్కి తగ్గుతారు, పిల్లల ముందు డబ్బు మాటలు ఎందుకని. కానీ ఫోన్ అడిగిన పద్నాలుగేళ్ల పిల్లాడికి "డబ్బులు చెట్లకి కాస్తున్నాయా" అని కసిరితే వాడికి తెలిసేది నాన్నకి కోపం వచ్చిందని మాత్రమే. "మన దగ్గర ఇంత ఉంది నాన్నా, బట్టలకి ఇంత, నీ వాటా ఇంత, ఇందులో నీకు ఏది కావాలో నువ్వే చూసి చెప్పు" అంటే వాడు నిజంగానే చూస్తాడు, నాలుగు షాపుల ధరలు కనుక్కుని వస్తాడు. బట్టలు ఒక జతే చాలు, ఆ 600 కూడా షూస్‌కి ఇవ్వమంటాడేమో, ఇవ్వండి. వాటా వాడిదే కదా.

బంధువుల గిఫ్టులు కూడా లెక్కలోకి తీసుకోండి. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న పిన్ని, అమెరికాలో ఉన్న మావయ్య ప్రేమతోనే పంపుతారు, పెట్టెనిండా చాక్లెట్లు, బ్యాటరీ కార్లు, అవన్నీ వచ్చాక మీరిచ్చిన షటిల్ బ్యాటు మూలనపడుతుంది, మీకు మనసు చివుక్కుమంటుంది. నవంబర్‌లోనే ఫోన్ చేసి అడగడంలో తప్పేం లేదు. "అన్నయ్యా, పిల్లలకి ఈసారి బొమ్మలొద్దురా, ఇద్దరికీ కలిపి ఒక సైకిల్ కొందామనుకుంటున్నాం, నువ్వు ఎంత పంపాలనుకుంటే అంత దానికి కలుపు" అంటే ఏ అన్నయ్యా కాదనడు, పైగా ఏం కొనాలా అని షాపుల్లో తిరిగే పని వాళ్లకీ తప్పుతుంది.

ఇంకో చిన్న పని. దశమ భాగం మాట పిల్లలు చర్చిలో వింటూనే ఉంటారు. వాళ్ల వాటా 1,800లో 180 తీసి వాళ్ల చేతికే ఇచ్చి, మీ ఊరి హాస్టల్లో పండక్కి ఇంటికెళ్లలేని పిల్లలకో, వీధిలో బట్టలు కొనుక్కోలేని ఇంటికో ఏం కొందామని వాళ్లనే అడగండి. ఇలా చేయడానికి ఆ 1,800 పెంచకండి, అందులోంచే తీయండి, అప్పుడే అది వాళ్లు ఇచ్చినట్టు.

పండగ అయ్యాక 26న గానీ 27న గానీ అదే కాగితం మళ్లీ తీసి ప్రతి అంకె పక్కనా నిజంగా ఎంతయిందో రాయండి. ఎక్కువ తేడా కనబడేది సాధారణంగా ప్రయాణంలోనూ తిండిలోనూ, గిఫ్టుల్లో కాదు. జనవరి చివర్లో ఒకసారి ఇల్లంతా చూసి పిల్లలు ఇంకా దేనితో ఆడుకుంటున్నారో, ఏది మంచం కిందకి పోయిందో ఆ నోటు పుస్తకంలోనే రాసుకోండి, వచ్చే నవంబర్‌కి కొనాల్సినవి సగం అక్కడే తేలిపోతాయి. వెయ్యి చొప్పున జూలై నుంచి కష్టమైతే ఫిబ్రవరి నుంచి 500 చొప్పున వేయండి, నవంబర్‌కి అదే 5,000 అవుతుంది. డ్వాక్రా గ్రూపులో ఉన్న అమ్మలు పొదుపుతో పాటు దీన్ని విడిగా రాయించుకోవచ్చు, లేదంటే పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా. ఊరూపేరూ లేని, రిజిస్టర్ కాని పండగ చీటీల్లో మాత్రం పిల్లల డబ్బు పెట్టకండి. స్టారు దించేటప్పుడు బల్బుల వైరు అట్టముక్కకి చుట్టి, పొడి సంచిలో మూతి కట్టి అటక మీద పెట్టండి, వచ్చే ఏడాది ఆ 500 కూడా పిల్లల లెక్కలోకి వస్తుంది.