కీ స్విచ్ మార్చే ముందు దాని వెనక కప్లర్ చూడండి

తాళం తిప్పితే మీటర్ బోర్డు వెలగలేదనగానే మనవాళ్లు చేసే మొదటి పని కొత్త కీ స్విచ్ కొనుక్కురావడం. పాలకొల్లులో నా షెడ్డుకి "కీ కంప్లయింటండి" అని తెచ్చే పికప్పులు, ట్రాక్టర్లు, ఆటోల్లో చాలావాటికి కీ నిక్షేపంగా ఉంటుంది. దాన్ని తీసి చెత్తలో వేసి కొత్తది బిగిస్తారు. కొన్నాళ్లు నడిచి, బండి మళ్లీ నడిరోడ్డు మీద ఆగుతుంది. ఫ్యూజు చూడటం, మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్లండి

ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. టెర్మినల్‌ని చేత్తో పట్టుకుని తిప్పండి. కొంచెమైనా కదిలిందంటే అది బిగిలేదు. తెల్లటి పొడి పట్టి ఉంటే తీసి వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వాసెలిన్ రాయండి. ఇంజను నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీని కూడా రెండు చివర్లా చూడండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే దిగితే సగం కూడా లేదు, ముందు ఛార్జింగ్ పెట్టాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందకి పడిపోతుంటే కీ జోలికి పోకండి.

ఇప్పుడు క్యాబిన్ లైటు వేసి తాళం తిప్పండి. ఈ లైటుకి కీతో పని లేదు, నేరుగా బ్యాటరీ మీద వెలుగుతుంది. సెల్ఫ్ టకటకమని కొట్టుకుంటూ లైటు మసకబారితే బ్యాటరీ, టెర్మినల్, ఎర్త్, ఈ మూడింట్లో ఒకటి. గట్టిగా ఒక్కసారి 'టక్' మని, లైటు అలాగే ఉండి, మోటారు తిరక్కపోతే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు గానీ, మోటారు బ్రష్‌లు గానీ పోయినట్టు. లైటు చెక్కుచెదరదు, సెల్ఫ్ చప్పుడే చెయ్యదు అంటే అప్పుడు కీ లైనులోకి రండి. క్లచ్ తొక్కితేనో న్యూట్రల్‌లో ఉంటేనో సెల్ఫ్ తీసుకునే బండైతే ఆ స్విచ్ కూడా ఒకసారి చూసుకోండి.

తెల్లారగట్ట పలకదు, ఎండెక్కాక పలుకుతుంది

నన్ను బాగా ముంచింది ఇదే.

మొగల్తూరు వైపు చెరువుల మీద రొయ్యలు ఎత్తే పికప్ ఒకటి వచ్చింది. "తెల్లారగట్ట పట్టుబడికెళ్తే తాళం తీసుకోదండి. ఎండెక్కితే దానంతటదే వచ్చేస్తదండి, ఆయ్" అన్నాడు డ్రైవరు. స్విచ్‌లోకి వచ్చే లావు ఎర్ర వైరు మీద మీటర్ పెడితే 12.5 చూపించింది. లోపలికి కరెంటు వస్తోంది, బయటికి రావట్లేదు అనుకుని స్విచ్ మార్చేశాను. మొదటి తిప్పుకే స్టార్టయింది. పన్నెండో రోజున బండి మళ్లీ వచ్చింది. నేను వేసింది నాసిరకం సరుకేమోనని ఈసారి కంపెనీ స్విచ్ తెప్పించి వేశాను. మూడు వారాలు నడిచింది.

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు నేనే చీకటితో లేచి చెరువు గట్టుకి వెళ్లాను. మీటర్ మళ్లీ 12.4 అంది. సంచిలో పాత హెడ్‌లైటు బల్బు ఉంటే దాని ఒక కాలు ఎర్త్‌కి, ఇంకో కాలు కప్లర్‌లో, అంటే వైర్లని స్విచ్‌కి కలిపే ప్లాస్టిక్ జాయింటులో, స్విచ్ వైపు పిన్నుకి తగిలించాను. బల్బులో తీగ మసకగా ఎర్రబడిందంతే. మీటర్లో 12.4 కాస్తా రెండు వోల్టులకి కూలిపోయింది.

మీటర్ అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన పద్ధతే తప్పు. మామూలు డిజిటల్ మీటర్ లోపల అడ్డు దాదాపు కోటి ఓములు ఉంటుంది. అందులోంచి పారే కరెంటు లెక్కలోకే రాదు. కాబట్టి దారిలో చిలుం పట్టి రెండు ఓములో, పది ఓములో అడ్డు కూర్చున్నా మీటర్ నిండు వోల్టేజీనే చూపిస్తుంది. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. రెండు ఓముల అడ్డు ఉంటే చాలు, బల్బుకి చేరేది సగం వోల్టేజీ. ఎల్‌ఈడీ టెస్టర్ కూడా మీటర్ లాగే మోసం చేస్తుంది, చీమంత కరెంటుకే వెలుగుతుంది. పరీక్షకి ఎప్పుడూ బరువైన బల్బే పెట్టండి.

కప్లర్ పీకి చూస్తే ఎర్ర వైరు గడి ఒక్కటే వేడికి బిస్కెట్ రంగుకి తిరిగింది. పిన్ను చుట్టూ పచ్చటి చిలుం. వైరు మీద తొడుగు చీరితే లోపల రాగి పోగులు నల్లగా ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాయి. నాలుగు అంగుళాలు వెనక్కి కోస్తే గానీ మెరిసే రాగి కనబడలేదు.

మరి స్విచ్ మార్చిన రెండుసార్లూ బండి ఎందుకు నడిచింది? మార్చాలంటే కప్లర్ పీకి పెట్టాలి కదా. పీకినప్పుడు, పెట్టినప్పుడు పిన్నులు ఒకదాన్నొకటి గీరుకుని పైచిలుం రాలిపోయింది, దారి తెరుచుకుంది. బండిని నడిపింది కొత్త స్విచ్ కాదు, ఆ గీరుడు. అందుకే ఒక మాట పట్టుకోండి: కీ మార్చాక కొన్నాళ్లు నడిచి మళ్లీ అదే రోగం వస్తే, పాత స్విచ్ బాగున్నట్టే లెక్క.

నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో పట్టుకోకపోతే ఎన్ని పిన్నులు మార్చినా దండగే. ఆ బండికి ఎవరో అదనంగా హారన్ వైరు లాగడానికి ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడలో రబ్బరు బుష్ తీసేసి, తిరిగి పెట్టలేదు. వాన నీళ్లు ఆ కన్నంలోంచి దిగి, వైరింగ్ వెంట పాకి, అన్నిటికంటే కిందున్న కప్లర్‌లో చేరుతున్నాయి. పైగా రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పు తేమ, రాత్రి మంచు. అంతర్వేది, నరసాపురం వైపు తిరిగే బండ్లకీ, సఖినేటిపల్లి దగ్గర పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) మీద రోజూ దాటే బండ్లకీ ఈ చిలుం తొందరగా పడుతుంది. ఎండెక్కాక తేమ ఆరి కొంత కరెంటు పారుతుంది కాబట్టి బండి దానంతటదే బాగైనట్టు కనిపిస్తుంది.

బాగు చెయ్యడం ఇలా. బ్యాటరీ మైనస్ తీసేయండి. వైరుని మెరిసే రాగి దాకా వెనక్కి కోసి, అదే మందం కొత్త ముక్క అతికి, కొత్త టెర్మినల్‌ని క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, ఆ టేపు కిందే మళ్లీ చిలుం మొదలవుతుంది. మిగతా పిన్నులకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే పైనున్న తగరం పూత పోయి చిలుం ఇంకా తొందరగా పడుతుంది. వదులైన ఆడ పిన్నుని సన్నటి మొనతో కొంచెం బిగించండి. ప్లాస్టిక్ గడి కాలి మెత్తబడితే కప్లరే మార్చండి. రబ్బరు బుష్ కొత్తది వేసి, కప్లర్‌కి ముందు వైరు ఒక వంపు కిందికి వేలాడేలా కట్టండి. అప్పుడు నీళ్లు ఎలాగైనా లోపలికి వచ్చినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కప్లర్‌లోకి ఎక్కవు.

అయ్యాక బల్బు వెలుగుతుండగానే కప్లర్‌కి రెండు వైపులా, వైరు పక్కనుంచి పిన్నీసు దూర్చి మీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటి చూపిస్తే పని ఇంకా మిగిలి ఉంది.

స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేని పాత బండ్లలో సోలినాయిడ్ లాగే కరెంటంతా కీ కాంటాక్టుల మీదుగానే పోతుంది. స్విచ్ తొందరగా కాలేది అందుకే. నాలుగు కాళ్ల రిలే ఒకటి పెట్టండి. కీ నుంచి స్టార్ట్ వైరు 86 నంబరు కాలికి, 85 ఎర్త్‌కి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి సోలినాయిడ్‌కి. ఆ తర్వాత కీ మీద పడేది రిలే చుట్ట లాగే కాస్త కరెంటే.

గతుకులో పడితే ఇంజను ఆగిపోతుంది

ఇంజను నడుస్తుండగా తాళాన్ని మెల్లగా అటూఇటూ కదపండి. మీటర్ బోర్డు ఆరి వెలిగిందా, స్విచ్ లోపల అరిగింది, మార్చాల్సిందే. ముందు ఆ తాళానికి వేలాడే గుత్తి తీసేయండి. ఇంటి తాళాలు, మోటారు షెడ్డు తాళాలు అన్నీ ఒకే రింగుకి వేసుకుంటారు. 2014లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లని వెనక్కి పిలిచింది ఇలాంటి కీ స్విచ్ వల్లే. గుత్తి బరువుకో కుదుపుకో తాళం రన్ (ఇంజను నడిచే స్థానం) నుంచి యాక్సెసరీకి (రేడియో లాంటివే పనిచేసే స్థానం) జారేది, ఇంజను ఆగిపోయి ఎయిర్‌బ్యాగులు పనిచేసేవి కావు, ప్రాణాలు పోయాయి. దీన్ని చిన్న విషయం అనుకోకండి.

మోటారుసైకిల్ అయితే తాళం వేసి హ్యాండిల్ చివరిదాకా ఇటూ అటూ తిప్పండి. ఒక పక్కకి తిప్పినప్పుడే లైటు ఆరిపోతే మెడ దగ్గర వైరు లోపల తెగింది.

తాళం వదిలినా సెల్ఫ్ ఆగట్లేదు

వెంటనే బ్యాటరీ తీగ పీకండి, లేకపోతే మోటారు కాలిపోతుంది. తాళం స్ప్రింగు విరిగి స్టార్ట్ దగ్గరే ఉండిపోయిందా, రిలే కాంటాక్టులు అతుక్కున్నాయా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే ఇంజను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) తాళం గుర్తుపట్టకపోవడం, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) పోవడం వంటివి నా దగ్గరికి ఎప్పుడో ఒకటి వస్తాయి. మీటర్ బోర్డులో తాళం గుర్తు ఆగకుండా మిణుకుతుంటే రెండో తాళంతో ప్రయత్నించండి, కుదరకపోతే స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో ఆ కవర్లు అలవాటు లేనివాళ్లు విప్పొద్దు. ఇవన్నీ చూశాక కూడా కప్లర్ మీద బల్బు నిండుగా వెలిగి, స్విచ్ బయటి వైరు మీద మసకగా వెలిగితే అప్పుడు స్విచ్ కొనండి. పాతది చేత్తో పట్టుకెళ్లి పిన్నులు లెక్కపెట్టి, గడుల వరస పోల్చి తెచ్చుకోండి.