ముందు దేవునికి, తర్వాత సౌకర్యాలకు: ఇంట్లో వరుస మార్చుకునే తీరు

మన ఇంట్లో దేవునికి ఎన్నవ చోటు ఇచ్చామో తెలియాలంటే రెండు చూడాలి. ఒకటి నెల ఖర్చులు రాసిన నోటుపుస్తకం. రెండోది ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా ఇంట్లో జరిగే పని. గోడకు వాక్యం క్యాలెండరు ఉన్నా, బండి మీద సిలువ గుర్తు ఉన్నా, అసలు సంగతి ఈ రెండింటిలోనే బయటపడుతుంది. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త యూదులను నిలదీసిందీ దీని గురించే. మందిరం పాడుబడి ఉంటే మీకు సరంబీ (చెక్క పలకలు) వేసిన ఇళ్లు కావాల్సి వచ్చాయా అని అడిగాడు. వాళ్లు మందిరం కట్టబోమని చెప్పలేదు, ఇంకా సమయం రాలేదన్నారు. మనమూ అదే అంటాం: స్లాబు పడనీ, కూతురి పెళ్లి కానీ, ఈ చిట్టీ తీరనీ. అందుకే వాయిదాకు సందు లేకుండా రోజువారీ పనుల్లోనే వరుస మార్చుకోవాలి.

పిడికెడు బియ్యం

ఇక్కడినుంచే మొదలుపెట్టమని మా సలహా. దీనికి డబ్బు అక్కర్లేదు, పైగా రోజూ రెండుసార్లు చేతికి అలవాటు చేస్తుంది. బియ్యం డబ్బా పక్కనే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి పెట్టండి. ఎసట్లోకి బియ్యం కొలవకముందే ఒక పిడికెడు తీసి అందులో వేయండి. కొలిచాక మిగిలింది వేస్తే ఈ పనికి అర్థమే లేదు. 1 రాజులు 17లో సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది పట్టెడు పిండి, కొంచెం నూనె. ఏలీయా ఆమెను ముందు తనకొక చిన్న అప్పం చేసి తెమ్మన్నాడు, ఆ తర్వాత నీకూ నీ బిడ్డకూ చేసుకోమన్నాడు. ఆ వరుసే ఇక్కడా.

పెద్దవాళ్ల పిడికెడు నలభై, యాభై గ్రాములుంటుంది. రెండు పూటలా తీస్తే నెలకు మూడు కిలోల దాకా వస్తుంది. నెలాఖరు ఆదివారం గుడికి తీసుకుపోయి స్త్రీల కూడికకో, సంఘంలో ఒంటరిగా ఉన్న ముసలమ్మకో ఇవ్వండి. నెల దాటి నిల్వ పెడితే ముక్కపురుగు పడుతుంది. ఎండిన వేపాకు నాలుగు రెమ్మలు వేస్తే కొంత ఆగుతుంది గానీ, వానాకాలంలో ఆ నమ్మకం కూడా పెట్టుకోవద్దు. రొట్టె తినే ఇళ్లలో జొన్నపిండి తీయకండి, త్వరగా చేదెక్కుతుంది. మరకు పంపేముందు జొన్నలే తీసి పెట్టండి. ఇంట్లో తినేది సోనా మసూరి అయితే డబ్బాలోనూ సోనా మసూరే పడాలి. మనం తినని బియ్యాన్ని దేవుని పేరున పక్కన పెట్టడం మలాకీ మొదటి అధ్యాయంలో కుంటిదాన్నీ రోగం వచ్చినదాన్నీ బలికి తెచ్చినవాళ్ల పనే.

ఈ పిడికెడు ఎప్పుడూ అమ్మ ఒక్కతే వేయకుండా, వారంలో రెండు రోజులు పిల్లల చేత, ఒక రోజు ఇంటాయన చేత వేయించండి.

జీతం వచ్చిన రోజు

ఒకటో తారీఖున జీతం పడగానే, ఫోన్లో ఏ బిల్లూ కట్టకముందే, దేవుని భాగం తీసి వేరే పెట్టాలి. జీతం 18,000 అయితే పదో వంతు 1,800. నాలుగు కవర్లలో 450 చొప్పున పెట్టి, ఒక్కొక్క దానిమీద ఆదివారం తేదీ రాయండి. ఖాతాలోనే ఉంచి వారం వారం ఇద్దాం అనుకుంటే మూడో వారానికి ఆ డబ్బు ఉండదు. గ్యాసు బండ, బడి ఫీజు, చుట్టాల పెళ్లి చదివింపులు ఏదో ఒకటి లాగేస్తుంది. 1 కొరింథీయులకు 16:2లో పౌలు కూడా ఆదివారం ఆదివారం ఎవరికి వాళ్లు తమ దగ్గర తీసి పెట్టుకోమని చెప్పాడు.

ఇంతవరకు ఇవ్వని అలవాటున్న ఇల్లు ఒక్కసారిగా పదో వంతుకు ఎగబాకితే రెండో నెలకే ఆగిపోతుంది. వందకు మూడు రూపాయలతో మొదలుపెట్టి, మూడు నెలలకొకసారి ఒక రూపాయి పెంచండి. రెండేళ్లలోపే పదికి చేరతారు.

సేద్యం చేసేవాళ్లకు నెల లెక్క కుదరదు. శెనక్కాయ, పప్పుశెనగ, ఉల్లి, చీనీ (బత్తాయి) ఏదైనా అమ్మినప్పుడే రాబడి. మండీలో లక్షా ఇరవై వేలు చేతికి వచ్చిందనుకోండి. విత్తనం, ఎరువు, కూలీలు, గుత్త కలిపి డెబ్బై వేలయితే మిగిలిన యాభై వేలలో ఐదు వేలు దేవునిది. దీన్ని మండీ నుంచి ఇంటికి రాగానే తీయాలి. బంగారం విడిపించాక చూద్దామంటే ఇక తీయరు. వానలు పోయి పెట్టుబడే రాని ఏడాది అప్పు చేసి ఇవ్వొద్దు. కోత పండుగకు గుప్పెడు కాయలు తెచ్చినా చాలు. కలిగినదాన్ని బట్టే అది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు అని 2 కొరింథీయులకు 8:12 చెబుతోంది.

ఇచ్చేటప్పుడు దాటకూడని గీతలు కొన్ని ఉన్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కానుక వేయకండి. లక్షకు ఏడాదికి 24,000 వడ్డీ అవుతుంది, ఆ భారం మోసేది భార్యాపిల్లలు. అమ్మానాన్నల మందులు ఆపి గుడికి ఇవ్వొద్దు. మార్కు 7లో యేసు కొర్బాను (దేవునికి ఇచ్చేశాం) అన్న పేరు చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవాళ్లను గట్టిగా గద్దించాడు. అవ్వకు నెలనెలా వచ్చే 4,000 పింఛనులోంచి ఎంత వేయాలో అవ్వే తేల్చుకోవాలి. కొడుకులూ చెప్పకూడదు, పాస్టరు గారూ చెప్పకూడదు. ఇక, పదివేలు విత్తితే లక్ష కోస్తావని చెప్పే బోధ ఎక్కడ విన్నా అక్కడినుంచి లేచి రండి. దేవుణ్ణి చిట్టీ పాటలా చూడటం అది. దేవుని పేరు పెట్టుకుని సిరినే మొదటి చోట కూర్చోబెడుతుంది. సంఘానికి ఇచ్చినదానికి రసీదు అడగడం మాత్రం తప్పేమీ కాదు.

ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది

మన ఊళ్లలో ఆరాధనకు ఆలస్యం కావడానికి పెద్ద కారణం మాంసం కొట్టు. ఏడింటికి పోతే వరుసలో నిలబడి తెచ్చేసరికి ఎనిమిదిన్నర, కడిగి పొయ్యిమీద పెట్టేసరికి మొదటి కీర్తన అయిపోతుంది. ఆడవాళ్లు మసాలా నూరుతూ సగం ఆరాధన పోగొట్టుకుంటారు. కాబట్టి మాంసం ఆరాధన అయ్యాకే తెచ్చుకోండి, లేదా ఆ పూటకు పప్పు, చిత్రాన్నం చాలనుకోండి. కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో ఆదివారం వంతు పడితే, ఒకరు నీళ్లు పట్టి మిగతావాళ్లు పోవడం అలవాటైపోతుంది. అదనంగా రెండు డ్రమ్ములు కొనడం టీవీ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని. బట్టల ఇస్త్రీ, బైబిలు, కానుక కవరు, బండిలో పెట్రోలు శనివారం రాత్రి ఎనిమిదికల్లా చూసుకోండి. ఎడారిలో మన్నాను ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నది కూడా ఏడో రోజు ఖాళీగా ఉండటానికే.

మిగతా రోజుల్లో పొద్దున పావుగంట చాలు. ఫోను రాత్రంతా వంటింట్లోనో వసారాలోనో చార్జింగు పెట్టి, పడకదగ్గర అచ్చు బైబిలు ఉంచండి. ఫోన్లో చదువుదామని తెరిస్తే సగం కీర్తనకే వాట్సాప్ పిలుస్తుంది.

కొత్త వస్తువు కొనేముందు

కర్నూలు ఎండల్లో ఏసీ పెట్టుకోవడం పాపం కాదు. దాని కంతు దేన్ని తోసేస్తుందో చూడకపోవడమే తప్పు. నెలకు 3,500 చొప్పున 24 కంతులంటే 84,000. సంతకం పెట్టేముందు ముప్పై రోజులు ఆగి, ఒక కాగితం మీద రాయండి: ఈ 3,500 ఏ ఖర్చులోంచి వస్తుంది? కానుకలోంచా, అమ్మ మందుల్లోంచా, ఆదివారం కూడా చేయాల్సిన ఓవర్‌టైములోంచా? ఈ మూడింటిలో ఏది జవాబైనా ఆ వస్తువును పక్కనపెట్టండి. వేటినీ తాకకుండా కుదిరితే దేవునికి కృతజ్ఞత చెప్పి కొనుక్కోండి.

పెళ్లి దగ్గర మాత్రం మెత్తగా చెప్పలేం. 1961 చట్టం కట్నాన్ని నేరమంది. చట్టం లేకపోయినా, ఆడపిల్ల తండ్రి చేత పొలం అమ్మించి ఆ డబ్బుతో వేసిన పందిట్లో ప్రభువు పేరెత్తడం ఆయనకు అవమానం. సంబంధం మాట్లాడే మొదటి రోజే అబ్బాయి తరఫువాళ్లు కట్నం వద్దని నోరు తెరిచి చెప్పాలి. 'మీ ఇష్టం' అన్న మాట కూడా అడగడమే.

ఊరు విడిచి పోయేవాళ్లకు

ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోయే కుటుంబాలకు నెలల తరబడి గుడి దూరమవుతుంది. బయల్దేరేముందు ఏ ఊరికి పోతున్నారో పాస్టరు గారికి చెప్పండి, ఆ దగ్గర్లో సంఘం ఉంటే ఆయన మాట్లాడతారు. మేస్త్రీతో కూలి మాట్లాడుకునేటప్పుడే ఆదివారం పొద్దున రెండు గంటలు పనిలోకి రామని చెప్పాలి. చేలో దిగాక అడిగితే ఒప్పుకోడు. గుడి లేకపోతే గుడిసె ముందే నాలుగు కుటుంబాలు కూర్చుని ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి ప్రార్థించుకోవచ్చు. వారం వారం కానుక ఒక రేకు డబ్బాలో వేసి, తిరిగొచ్చాక మీ సంఘంలో ఇవ్వండి.

కడప జిల్లా నుంచి కువైట్ పోయేవాళ్లకు అక్కడ సెలవు శుక్రవారం, తెలుగు ఆరాధనలు కూడా ఎక్కువగా ఆరోజే జరుగుతాయి. ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లకు ఆ సెలవు కూడా దొరకదు. వాళ్లతో ఇంట్లోవాళ్లు వారానికొకసారి సమయం కుదుర్చుకుని ఫోన్లో కలిసి ప్రార్థన చేయాలి. డబ్బు ఎప్పుడు పంపుతావన్న మాట ఆ ఫోనులో ఎత్తకండి, దానికి వేరే రోజు ఫోన్ చేయండి.