మొదటి మోటార్‌హోమ్: ఇన్సూరెన్స్, బ్రేక్‌డౌన్ కవర్, క్లబ్బు ఎలా ఎంచుకోవాలి

లోపలే పడుకుని, వండుకునే వీలున్న మోటార్‌హోమ్ కొన్న రోజు డీలర్ టేబుల్ మీదికి కాగితాలన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఇన్సూరెన్స్ మేమే చేయిస్తాం అంటారు, దారిలో బండి ఆగిపోతే వచ్చి ఆదుకునే బ్రేక్‌డౌన్ కవర్ మొదటి ఏడాది ఫ్రీ అంటారు, ఫలానా క్యాంపింగ్ క్లబ్బులో చేరితే ఇంకో డిస్కౌంట్ అంటారు, తాళాలు చేతిలో పడ్డ సంతోషంలో మనం ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేస్తాం. నేనూ అదే చేశాను. ఆరు నెలల తర్వాత కూర్చుని చూసుకుంటే బ్రేక్‌డౌన్ కవర్‌కి రెండు చోట్ల డబ్బు కడుతున్నాను, పైగా ఆ రెండింట్లో ఒకటి నా బండి పొడవుకి అసలు వర్తించదు! బ్రిటన్‌లో మొదటి బండి కొనబోతున్న మనవాళ్లు ఆ పొరపాటు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ఏ కంపెనీకీ ఫోన్ చేయకముందే నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. బండి గరిష్ఠ బరువు, పొడవు, అద్దాలతో కలిపి వెడల్పు, ఎత్తు. బరువు అంటే ఖాళీ బండి బరువు కాదు, మనుషులు, నీళ్లు, గ్యాసు, సామాను అన్నీ ఎక్కాక చట్టప్రకారం దాటకూడని బరువు, అది బండికి కొట్టిన ప్లేటు మీద ఉంటుంది. మామూలుగా అది 3,500 కిలోలు. ఈ అంకె ఎందుకంత ముఖ్యమంటే, 1997 జనవరి 1 తర్వాత కారు టెస్టు పాసైనవాళ్లకి లైసెన్సు మీద డీజిల్ మోటార్‌హోమ్ నడపడానికి అనుమతి అంతవరకే, మనలో దాదాపు అందరం ఆ లెక్కలోకే వస్తాం. అంతకు ముందు పాసైనవాళ్లకి సాధారణంగా 7,500 కిలోల వరకు ఉంటుంది, 70 ఏళ్లు దాటాక దాన్ని నిలబెట్టుకోవాలంటే మెడికల్ కావాలి. ఇండియా లైసెన్సుతో వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలు మాత్రమే నడపగలరు, ఆ తర్వాత ఇక్కడి టెస్టు రాయాల్సిందే. లైసెన్సుకి మించిన బండి నడిపితే ఇన్సూరెన్స్ ఉన్నా లేనట్టే అనుకోండి. అలాగే 3,500 కిలోల బండిలో 100 లీటర్ల నీళ్లు నింపితే అక్కడే 100 కిలోలు అయిపోతాయి, సైకిళ్లు, టెంటు, బియ్యం బస్తా కూడా ఎక్కించాక ఒక్కసారి వే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లి తూచుకోండి, ఆ అంకె చూసి చాలామందికి కళ్లు తిరుగుతాయి.

అంకెల కింద ఇంకో మూడు మాటలు రాయండి, ఇవి మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాల్సినవి. ఏడాదికి ఎన్ని రాత్రులు బయట పడుకుంటారు? బండి మిగతా రోజుల్లో ఎక్కడ ఉంటుంది? యూరప్ నిజంగా వెళ్తారా, లేక వెళ్దాం వెళ్దాం అనుకుంటారా? మిగతాదంతా ఈ కాగితం మీద నుంచే తేలుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి. కారుకి చూసినట్టు ధరలు పోల్చే సైట్లో చూసి అన్నిటికంటే చౌకది కొట్టేయడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇది సగం బండి, సగం ఇల్లు. కంఫర్ట్, కారవాన్ గార్డ్, సేఫ్‌గార్డ్ లాంటి ఈ బండ్ల మీదే పనిచేసేవాళ్లు ఉన్నారు, పెద్ద క్లబ్బులు కూడా పాలసీలు ఇప్పిస్తాయి. కనీసం ముగ్గురి దగ్గర కోట్ తీసుకోండి, వీలైతే ఫోన్‌లో మనిషితో మాట్లాడి తీసుకోండి, ఫారంలో అడగని ప్రశ్నలు అప్పుడు బయటికొస్తాయి.

నేను అందరికంటే ముందు అడిగేది బండి పూర్తిగా పోతే ఎంత ఇస్తారని. మార్కెట్ విలువ అని ఉంటే ఆ రోజు ఆ బండికి బయట ఏం పలుకుతుందో వాళ్లు లెక్కగడతారు, మీరు వాదించుకోవాలి. అగ్రీడ్ వాల్యూ అని ఉంటే ముందే ఇద్దరూ ఒక మొత్తం ఒప్పుకుని రాసుకుంటారు, ఫొటోలు, రసీదులు అడుగుతారు. పాత బండికి, లేదా సొంతంగా తయారు చేయించుకున్న క్యాంపర్ వ్యాన్‌కి రెండోది ఎంతో నయం. వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చినదైతే వి5సి, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో బాడీ టైప్ ఏమని ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మోటార్ కారవాన్ అని లేకపోయినా ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లకి తెలియాలి.

చెప్పడం గురించే ఇంకో మాట. సోలార్ ప్యానెల్, సైకిల్ ర్యాక్, పక్కన పరిచే ఆనింగ్ పందిరి, వెనక ట్రైలర్ తగిలించే టో బార్, ఏం బిగించినా చెప్పేయండి. 2012 నాటి చట్టం ప్రకారం వాళ్లు అడిగిన ప్రశ్నలకి తప్పుడు జవాబు ఇవ్వకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం మన బాధ్యత. చిన్నదే కదా అని దాచింది క్లెయిమ్ రోజున కొండంత అవుతుంది.

తర్వాత కిటికీలు. డ్రైవర్ కూర్చునే ముందు భాగం అద్దాలు గాజు, వెనక ఇంటి భాగం కిటికీలు సాధారణంగా యాక్రిలిక్, అవి పగిలితే విండ్‌స్క్రీన్ కవర్ కిందికి వస్తాయా రావా అని అడగండి, గాజుకి గరిష్ఠ పరిమితి ఎంతో కూడా అడగండి, డ్రైవర్ క్యాబిన్‌ని కూడా ఇంటి భాగంతో కలిపి కట్టిన పెద్ద ఏ క్లాస్ బండ్ల ముందు అద్దం ఖరీదు వింటే గుండె జారుతుంది. లోపలి సామానుకి పరిమితి ఎంత, అందులో ల్యాప్‌టాప్, ఫోన్ లెక్కలోకి వస్తాయా, ఇంటి ఇన్సూరెన్స్‌లో అవి ఇప్పటికే ఉన్నాయా అన్నది చూసుకోండి. చెమ్మ మాత్రం మామూలుగా ఎవరూ కవర్ చేయరు, మెల్లగా నీళ్లు దిగి గోడ పుచ్చిపోతే అది అరుగుదల కిందే తోసేస్తారు, దానికి మందు ఏటా చేయించే హాబిటేషన్ చెక్, అంటే ఇంటి భాగం తనిఖీ ఒక్కటే.

బండి ఎక్కడ పెడతారన్నది ప్రీమియంని బాగా కదిలిస్తుంది. ఇంటి ముందు పెట్టుకుందామనుకుంటే ముందు ఇంటి దస్తావేజులు తీసి చూడండి, కొత్త కాలనీల్లో కారవాన్లు పెట్టకూడదని షరతు ఉండటం మామూలే. బయట స్టోరేజీ అయితే కారవాన్ స్టోరేజీ యజమానుల సంఘం కాసోవా గుర్తింపు ఉన్న చోటు అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇష్టపడతారు, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ లాంటి గ్రేడులు భద్రతని బట్టి ఉంటాయి. ఖరీదైన బండికి ట్రాకర్ తప్పనిసరి అనొచ్చు. అలాంటప్పుడు ఒప్పుకుని ట్రాకర్ చందా కట్టడం మర్చిపోతే దొంగతనం క్లెయిమ్ గల్లంతే, ఆ చందాని కూడా ప్రీమియంలో కలిపి లెక్కేసుకోండి.

కారు మీద సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ ఇక్కడ వాడుకోవచ్చా అని అందరూ అడుగుతారు. మామూలుగా ఒకే బోనస్‌ని రెండు బండ్ల మీద ఒకేసారి వాడనివ్వరు, అయితే కారు రికార్డు చూసి తగ్గింపు ఇచ్చేవాళ్లు ఉన్నారు, అడిగితేనే ఇస్తారు. ఏడాదికి ఎన్ని మైళ్లు అన్న చోట కూడా వాస్తవం రాయండి, సెలవులకి మాత్రమే తీసే బండికి తక్కువ మైళ్ల పాలసీ చౌకగా వస్తుంది.

యూరప్ రోజుల దగ్గర మనవాళ్లు అనవసరంగా డబ్బు పోస్తారు. పాలసీల్లో 90, 180, 365 రోజులు అని రకరకాలుగా ఉంటాయి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా షెంగెన్‌లో 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండలేరు, ఇండియా పాస్‌పోర్టు అయితే ముందు వీసా రావాలి, దానికి ఇచ్చిన రోజులే లెక్క. రెండు వారాల ఫ్రాన్స్ ట్రిప్పుకి 365 రోజుల కవర్ దేనికి? ఈయూ దేశాలకి గ్రీన్ కార్డు, అంటే బండికి ఇన్సూరెన్స్ ఉందని చూపే కాగితం, 2021 ఆగస్టు నుంచి అక్కర్లేదు, కానీ అక్కడ మీ కవర్ పూర్తి కాంప్రహెన్సివ్‌గా ఉంటుందా లేక చట్టానికి సరిపడా థర్డ్ పార్టీకి తగ్గిపోతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇల్లు వదిలేసి బండిలోనే కాపురం పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మామూలు పాలసీ చెల్లదు, దానికి వేరే ఉంటాయి.

ఇక బ్రేక్‌డౌన్ కవర్. ఇది నాలుగు దారుల్లో వస్తుంది, ఇన్సూరెన్స్‌తో కలిపి, క్లబ్బు ద్వారా, ఏఏ, ఆర్ఏసీ, గ్రీన్ ఫ్లాగ్ లాంటివాళ్ల దగ్గర నేరుగా, లేదా నెలనెలా ఫీజు కట్టే బ్యాంకు అకౌంటుతో పాటు. చివరిది ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చాలా కవర్లు కార్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి, బరువు, పొడవు, వెడల్పు, ఎత్తు పరిమితులు చిన్న అక్షరాల్లో ఉంటాయి, నాకు ఎదురుదెబ్బ తగిలింది అక్కడే. మీ కాగితం మీది నాలుగు అంకెలు చదివి వినిపించి, ఈ బండిని మీరు ఎత్తుకెళ్తారా అని అడిగి, జవాబు మెయిల్‌లో పంపమనండి. వెనక సైకిల్ ర్యాక్ బిగిస్తే పొడవు పెరుగుతుందని మర్చిపోవద్దు.

రోడ్డు పక్కకి వచ్చి బాగుచేయడం ఒక్కటే చాలదు. ఇంటి దగ్గర స్టార్ట్ కాకపోతే వస్తారా అన్నది మోటార్‌హోమ్‌కి కారుకంటే ముఖ్యం, శీతాకాలమంతా కదలకుండా నిలబడిన బండికి వచ్చే మొదటి జబ్బు బ్యాటరీ డౌన్ కావడమే. రెండోది, రికవరీ ఎంత దూరం? దగ్గర్లోని గ్యారేజీ వరకు అంటే, ఆ గ్యారేజీ లిఫ్టు మీద మన బండి పట్టకపోవచ్చు. దేశంలో ఎక్కడికైనా, మనం చెప్పిన చోటికి, మనుషులతో సహా అని ఉన్నదే తీసుకోండి. మూడోది టైర్లు. చాలా మోటార్‌హోమ్‌లలో స్టెప్నీ ఉండదు, ఒక డబ్బాలో జిగురు, పంపు ఇచ్చి సరిపెడతారు, టైరు పక్క గోడ చీలితే అది పనికిరాదు. స్టెప్నీ లేని బండికి పంక్చర్ అయితే టైరు తెప్పిస్తారా, బండిని మోసుకెళ్తారా, లేక అది మీ తప్పు అంటారా అన్నది ముందే తేల్చుకోండి. పొగని శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోయాల్సిన యాడ్‌బ్లూ ద్రవాన్ని డీజిల్ ట్యాంకులో పోసేయడం లాంటి పొరపాట్లకి కూడా ఇదే ప్రశ్న.

మా మొదటి వసంతకాలం ట్రిప్పులో ఒక పొలంలోని క్యాంపింగ్ సైట్లో రాత్రంతా వాన కురిసింది, పొద్దున్నే చూస్తే ముందు చక్రాలు బురదలో కూరుకుపోయాయి. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, సార్, మీ బండి చెడిపోలేదు కదా, అది బ్రేక్‌డౌన్ కాదు అంది. మాటకి మాట నిజమే. చివరికి రైతు ట్రాక్టరు తెచ్చి లాగాడు, పిల్లలకి మాత్రం అదే ఆ సెలవుల్లో హైలైట్. గడ్డి మీది నుంచి లాగడం ఉంటుందా, ప్రత్యేక పరికరాల ఖర్చు ఎవరిది అన్నది అప్పటినుంచీ నా ప్రశ్నల్లో ఒకటి.

ఫ్రాన్స్ మోటార్‌వే మీద ఆగిపోతే ఇక్కడి కంపెనీని పిలిస్తే రారు, రాలేరు. పక్కనున్న నారింజ రంగు ఫోన్ నుంచి అక్కడి అధికారిక సర్వీసుని పిలవాలి, వాళ్లు బండిని మోటార్‌వే నుంచి బయటికి తీసుకెళ్తారు, ఆ డబ్బు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. కాబట్టి యూరప్ కవర్‌లో ఆ ఖర్చు ఉందా అని చూడండి, బండిని ఇంటికి చేర్చే ఖర్చుకి పరిమితి ఎంతో కూడా, ఎందుకంటే చాలా పాలసీలు బండి విలువని మించి ఖర్చు పెట్టవు.

క్లబ్బుల విషయంలో తొందర వద్దు. ప్రధానంగా రెండు, 1901 లో మొదలైన క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్, 1907 లో మొదలైన కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్. రెండింటికీ సొంత పెద్ద సైట్లు ఉన్నాయి, చాలావాటిలో సభ్యులు కానివాళ్లనీ రానిస్తారు, రాత్రికి కొంత ఎక్కువ తీసుకుంటారు. కాబట్టి లెక్క సులువు, ఏడాది చందాని ఆ అదనపు మొత్తంతో భాగిస్తే ఎన్ని రాత్రులకి గిట్టుబాటు అవుతుందో తెలుస్తుంది.

అసలు ఆకర్షణ మాత్రం పెద్ద సైట్లు కాదు, నా లెక్కలో చిన్నవే. 1960 నాటి చట్టం ప్రకారం ఈ క్లబ్బులు రైతుల పొలాల్లో ఐదు బండ్ల వరకు ఉండే చిన్న చోట్లకి తామే సర్టిఫికెట్ ఇవ్వగలవు. కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్ వాటిని సీఎల్ (సర్టిఫికేటెడ్ లొకేషన్) అంటుంది, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ సీఎస్ (సర్టిఫికేటెడ్ సైట్) అంటుంది. సీఎల్‌లు సభ్యులకే. కొన్నిట్లో కరెంటు, షవర్ ఉంటాయి, కొన్నిట్లో ఒక కొళాయి, టాయిలెట్ ఖాళీ చేసే చోటు తప్ప ఇంకేమీ ఉండవు. మీకు టాయిలెట్, షవర్ బండిలోనే ఉంటే స్వర్గం, పిల్లలకి ఆట స్థలం, వేడినీళ్ల బాత్రూములు కావాలంటే పెద్ద సైట్లే మేలు. మీరు వెళ్లాలనుకునే నాలుగైదు చోట్ల మ్యాపులో ఏ క్లబ్బు సైట్లు దగ్గర ఉన్నాయో చూసి అదే తీసుకోండి, మొదటి ఏడాది రెండూ అక్కర్లేదు. వెనక్కి తిప్పడం అంటే టెన్షన్ ఉన్నవాళ్లకి ఒక మాట, బండి నడపడం నేర్పే కోర్సులు వీళ్లే పెడతారు. ఫ్రాన్స్ వైపు మనసుంటే ఫ్రాన్స్ పాసియాన్ చూడండి, ఏడాది సభ్యత్వంతో ద్రాక్షతోటల్లో, పొలాల్లో 24 గంటల వరకు ఉచితంగా ఆపుకోవచ్చు, బండిలో టాయిలెట్ ఉండాలి.

అన్నీ తీసుకున్నాక పాలసీ నంబరు, బ్రేక్‌డౌన్ ఫోన్ నంబరు, ఆ నాలుగు అంకెలు ఒక అట్టముక్క మీద రాసి డ్రైవర్ తలపైన ఉండే సన్ వైజర్‌కి అతికించండి. బండి ఆగినప్పుడు ఫోన్‌లో పేరు చెప్పగానే ఇది మోటార్‌హోమ్, ఇంత పొడవు, ఇంత బరువు, లోపల ఇంతమంది ఉన్నాం అని చెప్పేయండి, లేకపోతే కారుని మోసే చిన్న ట్రక్కు గంటన్నర తర్వాత వచ్చి, బండిని చూసి, తల గోక్కుని, పెద్దది పంపిస్తాం అని వెళ్లిపోతుంది.