చిన్న యాప్‌కి నెలనెలా తీసుకోవాలా, ఒక్కసారే అమ్మాలా? ఎలా తేల్చుకోవాలో చెప్తా

వడ్డీ లెక్కలు కట్టే యాప్ ఒకటి చేశా నేను, అదే మన ఊళ్ళల్లో నూటికి రెండు రూపాయలు, రూపాయిన్నర అంటారు కదా ఆ లెక్క, అప్పు ఇచ్చిన తేదీ కొట్టి తీర్చే తేదీ కొడితే ఎన్నేళ్ళు ఎన్ని నెలలు ఎన్ని రోజులైందో, వడ్డీ ఎంతో, అసలుతో కలిపి ఎంతో మొత్తం వచ్చేస్తుంది. నెట్ కూడా అక్కర్లేదు. దానికి మొదట్లో నెలకి 29 రూపాయలు సబ్‌స్క్రిప్షన్ పెట్టా, ఎందుకంటే అప్పట్లో చూసిన వీడియోలన్నిట్లో నెలనెలా వచ్చే డబ్బే డబ్బు అని చెప్పారు. మా ఊళ్ళో ఎరువుల కొట్టు నడిపే బాబాయికి చూపిస్తే పాత ప్రోనోటు ఒకటి బయటకు తీసి, దాని వెనకాల తను పెన్సిల్‌తో వేసుకున్న లెక్కతో సరిచూసుకున్నాడు, పైసలతో సహా కలిసింది, మొహం వెలిగిపోయింది. తర్వాత డబ్బులు కట్టే స్క్రీన్ వచ్చింది. "నెలనెలా ఎందుకురా, వచ్చే నెల లెక్క మారుద్దా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. యాప్‌కి ఏ రేటు పెట్టాలి అనే దానికన్నా ముందు మీరు మిమ్మల్ని అడగాల్సింది కూడా అదే. డబ్బు కట్టాక మీ వైపు నుంచి వాళ్ళకి ఇంకేమైనా వెళ్తూ ఉంటుందా లేదా? పాల ప్యాకెట్‌కి నెల ఖాతా పెట్టుకుంటాం ఎందుకంటే పాలు రోజూ వస్తాయి, ఆ పాలు కాచే గిన్నె మాత్రం ఒకసారే కొంటాం. వేమన పద్యాల పుస్తకం ఒక్కసారి కొంటే చాలు, పంచాంగం మాత్రం ప్రతి ఉగాదికి కొత్తది కొంటాం, దానికి ఎవ్వరూ గొణగరు, ఎందుకంటే పాత సంవత్సరం పంచాంగం ఈ సంవత్సరం పనికిరాదని అందరికీ తెలుసు. మీ యాప్ గిన్నె లాంటిదా పాల లాంటిదా, పద్యాల పుస్తకమా పంచాంగమా, ముందు ఇది తేల్చుకోండి.

కాలిక్యులేటర్, యూనిట్ కన్వర్టర్, ఫ్లాష్‌లైట్, ఆఫ్‌లైన్ నోట్స్, శ్లోకాలు పద్యాలు చదువుకునేవి, ఇవన్నీ గిన్నెలే. వాతావరణం, మార్కెట్ యార్డు ధరలు, ఫోన్ పోయినా డేటా పోకుండా క్లౌడ్‌లో దాచే ఖాతా పుస్తకం, కరెంట్ అఫైర్స్ క్విజ్ ఇలాంటివి పాలు, మీరు ఒక నెల పని ఆపేస్తే వాళ్ళకి తెలిసిపోతుంది. తెలుగు పంచాంగం యాప్ మధ్యలో ఉంటుంది, ఏడాదికోసారి తీసుకోవడం సబబు. పైగా తిథి టైములు, సూర్యోదయం ఊరుని బట్టి మారతాయి, డల్లాస్‌లో ఉన్నవాళ్ళకి హైదరాబాద్ పంచాంగం చూపిస్తే తప్పు అవుద్ది, వాళ్ళ ఊరికి సరిగ్గా లెక్క కట్టి ఇస్తే అక్కడ డాలర్లలో వేరే రేటు పెట్టడం న్యాయమే, దేశం దేశానికి వేరే ధర పెట్టుకునే వీలు గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్ రెండింట్లోనూ ఉంది.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, గిన్నె లాంటి యాప్‌కైనా నాకు ఖర్చు ఆగదు కదా అని. నిజమే. గూగుల్ ప్లేలో అకౌంట్‌కి 25 డాలర్లు ఒకసారి కడితే చాలు గానీ యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, కట్టకపోతే యాప్ స్టోర్‌లో కనపడదు. గూగుల్ కూడా ప్రతి ఏడాది కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు టార్గెట్ లెవెల్ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తయారైందో చెప్పే అంకె) పెంచమంటుంది, అది చెయ్యకపోతే కొత్త ఫోన్లలో కొత్తవాళ్ళకి మీ యాప్ దొరకదు. కానీ నా లెక్కలో ఇవన్నీ కొట్టు అద్దె లాంటివి, అద్దె కొత్తగా వచ్చే కొనుగోళ్ళలోంచి రావాలి గానీ పోయినేడు గిన్నె కొన్నవాడి దగ్గరకెళ్ళి అడగకూడదు. సర్వర్ ఖర్చు, ఓటీపీ ఎస్ఎంఎస్ ఖర్చు, బయట నుంచి కొనే డేటా ఖర్చు వేరు, అవి ఒక్కో మనిషికీ ఒక్కో నెలకీ పెరుగుతూ పోతాయి, వాటికి మాత్రం నెలవారీ కావాల్సిందే.

ఇప్పుడు కాగితం పెన్ను తీసుకోండి, లెక్క వేద్దాం. ఒక్కసారి కొనేదానికి 149 పెట్టారనుకుందాం, అందులోనే 18 శాతం జీఎస్టీ ఉందనుకుంటే అసలు ధర 126 రూపాయల 27 పైసలు. స్టోర్ వాటా 15 శాతం అనుకుందాం, గూగుల్ 2021 జూలై నుంచి ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల వరకు ఈ రేటు పెట్టింది, యాపిల్ కూడా అదే ఏడాది జనవరి నుంచి చిన్న డెవలపర్లకి ఇస్తుంది, ఒక్కసారి అమ్మేవాటికి రెండింట్లోనూ మనమే నమోదు చేసుకోవాలి, మర్చిపోతే 30 శాతం పోద్ది. 15 పోతే చేతికి 107 రూపాయల చిల్లర. అదే నెలకి 29 పెడితే, ఇదే లెక్కన చేతికొచ్చేది 20 రూపాయల 89 పైసలు. అంటే ఆ మనిషి ఆరో నెల కూడా కడితేనే 149 కన్నా మీకు ఎక్కువ వచ్చినట్టు.

మరి ఆరు నెలలు ఉంటాడా? నెలకి వందలో 20 మంది మానేస్తుంటే సగటున ఒక్కొక్కళ్ళు 5 నెలలు ఉన్నట్టు లెక్క, 5 ఇంటూ 20.89 అంటే 104, ఒకసారి అమ్మినా ఇంచుమించు అంతే వచ్చేది, మధ్యలో తిట్లు అదనం. వందలో 10 మందే మానేస్తే 10 నెలలు, 208 రూపాయలు, అప్పుడు సబ్‌స్క్రిప్షన్‌కి అర్థం ఉంది. వడ్డీ లెక్క లాంటి యాప్‌ని జనం రెండు నెలలకోసారి తెరుస్తారు, తెరవని నెలకి డబ్బు కట్టమంటే మానేస్తారు, అందుకే మీ యాప్‌ని ఒక మనిషి నెలలో ఎన్నిసార్లు తెరుస్తున్నాడో ముందు చూసుకోండి. ఇదే లెక్క తిరగేసి కూడా చూడాలి, క్లౌడ్ బ్యాకప్‌కి ఒక్కో మనిషికి నెలకి 4 రూపాయలు ఖర్చవుతుంటే, 149కి "లైఫ్‌టైమ్" అని అమ్మిన యాప్‌లో ఆ 107 రూపాయలు 27వ నెలకల్లా అయిపోతాయి, ఆ తర్వాత ఆ మనిషి మీ యాప్‌ని ఎంత ఇష్టంగా వాడితే మీకంత నష్టం. సర్వర్ ఉన్న యాప్‌కి లైఫ్‌టైమ్ అనే మాట దయచేసి వాడకండి. జీఎస్టీ మీ విషయంలో ఎలా కట్టాలో మాత్రం మీ ఆడిటర్‌ని అడిగి తేల్చుకోండి, ఈ లెక్క రేటు ఊహించుకోడానికే.

మన దేశంలో ఇంకో సంగతి ఉంది, డబ్బు ఆటోమేటిక్‌గా కట్ అవడం. వాట్సాప్ ఒకప్పుడు మొదటి ఏడాది ఫ్రీ ఇచ్చి తర్వాత ఏడాదికి డాలర్ దాకా అడిగేది గుర్తుందా, 2016 జనవరిలో అది తీసేశారు, చాలామందికి కార్డులే లేవు, ఏడాది అవగానే మాటలు ఆగిపోతాయేమో అని భయపడుతున్నారు అని వాళ్ళే చెప్పారు. ఇప్పుడు యూపీఐ ఆటోపే ఉంది, అంటే ఒకసారి ఒప్పుకుంటే యూపీఐ నుంచే గడువుకి డబ్బు కట్ అవుతుంది, 2020లో వచ్చింది, గూగుల్ ప్లేలో 2022 నవంబర్ నుంచి సబ్‌స్క్రిప్షన్లకి పని చేస్తుంది, కాబట్టి కార్డు లేదన్న అడ్డు చాలావరకు పోయింది. కానీ రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ వెళ్ళాలి, ఆ మెసేజ్ చూసిన మనిషి "ఇదేంటి, నేను వాడట్లేదే" అనుకుంటే అక్కడే ఆపేస్తాడు. ఇది మంచిదే అంటాను నేను. మర్చిపోయినవాళ్ళ జేబులోంచి వచ్చే డబ్బు మీద యాప్ నడపాలని చూడకండి, ఆ మెసేజ్ చూసి కూడా "సర్లే, పనికొస్తుంది" అనుకునే రేటు పెట్టండి.

మన జనానికి బాగా అలవాటైన పద్ధతి ఒకటుంది, రీచార్జ్. డబ్బు కట్టాం, ఏడాది వాడాం, అయిపోయింది, కావాలంటే మళ్ళీ కడతాం, మనకి తెలియకుండా ఏదీ కట్ అవదు. గూగుల్ ప్లేలో దీన్ని ప్రీపెయిడ్ ప్లాన్ అంటారు, యాపిల్‌లో నాన్ రెన్యూయింగ్ సబ్‌స్క్రిప్షన్ అంటారు. పంచాంగం, పరీక్షల ప్రిపరేషన్ లాంటివి చేస్తుంటే ముందు ఇది పెట్టి చూడండి అని గట్టిగా చెప్తా, గ్రూప్స్‌కి చదివే పిల్లలకి పరీక్ష అయ్యేదాకా 6 నెలలకి ఒక రేటు అంటే అర్థమవుతుంది, పరీక్ష అయిపోయాక కూడా డబ్బు కట్ అవుతుంటే మాత్రం కోపం వస్తుంది.

ఒక్కసారే అమ్ముదాం అనుకుంటే యాప్‌ని నేరుగా పెయిడ్‌గా పెట్టకండి, వాడి చూడకుండా మన దగ్గర డబ్బులు కట్టేవాళ్ళు తక్కువ. ఫ్రీగా పెట్టి లోపల "పూర్తి యాప్ తెరవండి" అని ఒక ఇన్ యాప్ ప్రోడక్ట్, అంటే యాప్ లోపలే కొనుక్కునేది, పెట్టండి. ఇంకో కారణం కూడా ఉంది, గూగుల్ ప్లేలో ఒకసారి ఫ్రీ అని పెట్టిన యాప్‌ని మళ్ళీ పెయిడ్ చెయ్యనివ్వరు, అదే ప్యాకేజీ పేరుతో (స్టోర్ మీ యాప్‌ని గుర్తుపట్టే పేరు) కుదరదు, కాబట్టి ఫ్రీగా మొదలుపెట్టాక డబ్బు తీసుకోవాలంటే లోపల అమ్మడమే దారి. నేను వడ్డీ యాప్‌లో లెక్క మొత్తం ఫ్రీగా వదిలేశా, లెక్కలు సేవ్ చేసుకోవడం, పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో పంపడం ఈ రెండే డబ్బు కట్టినవాళ్ళకి. బాబాయి పీడీఎఫ్ కోసమే కట్టాడు, ఎదుటి మనిషికి చూపించడానికి కాగితం కావాలి కదా.

కోడ్‌లో ఒక చోట చాలామంది దెబ్బ తింటారు: ప్లేలో కొన్నాక ఆ కొనుగోలుని మీ యాప్ 3 రోజుల్లోపు అక్నాలెడ్జ్ చెయ్యాలి, అంటే అందింది అని గూగుల్‌కి చెప్పాలి, చెయ్యకపోతే గూగుల్ తనంతట తానే డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. మూడు రోజులు అమ్మకాలు బాగున్నాయి అనుకుంటారు, నాలుగో రోజు అన్నీ రీఫండ్లే కనపడతాయి. ఇంకోటి, "పాత కొనుగోలు తిరిగి తెచ్చుకోండి" అనే బటన్ తప్పకుండా ఉండాలి, ఫోన్ మార్చినవాళ్ళు మళ్ళీ కట్టాల్సిన పరిస్థితి రాకూడదు, యాపిల్ అయితే అది లేకుండా రివ్యూలో పాస్ చెయ్యదు.

సబ్‌స్క్రిప్షనే సరైనది అని తేలితే డబ్బు కట్టే స్క్రీన్ మీద నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయండి, ఎంత, ఎన్ని రోజులకి, ట్రయల్ అయిపోయే తేదీ, ఎక్కడ ఆపాలి. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా ఆగిపోతుంది అనుకుంటారు చాలామంది, ఆగదు, ఆ సంగతి కూడా రాయండి. సెట్టింగ్స్‌లో ఒక్క నొక్కుతో స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ పేజీకి వెళ్ళేలా లింక్ ఇవ్వండి. ఆపడం కష్టం చేసి మనుషుల్ని ఇరికించడాన్ని 2023 నవంబర్‌లో మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (స్క్రీన్ మీద మోసపు ఎత్తులు) మార్గదర్శకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అనే పేరుతోనే నిషేధించారు. చట్టం లేకపోయినా చెయ్యకూడని పనే అది.

ముందు ఒక్కసారి అమ్మి తర్వాత సబ్‌స్క్రిప్షన్‌కి మారేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. నోటబిలిటీ అనే నోట్స్ యాప్ 2021 నవంబర్‌లో ఇలాగే మారింది, అంతకుముందు డబ్బు కట్టి కొన్నవాళ్ళకి ఏడాది తర్వాత కొన్ని పనులు ఆగిపోతాయి అని చెప్పింది, జనం మండిపడ్డారు, ఒకటి రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గి పాతవాళ్ళకి కొన్నవన్నీ అలాగే ఉంటాయని చెప్పాల్సి వచ్చింది. యాపిల్ నియమాల్లో కూడా ఉంది, ముందే కొన్నవాళ్ళ దగ్గర్నుంచి యాప్ అసలు పని లాక్కోకూడదని. కాబట్టి పాతవాళ్ళని ఒక గుర్తుతో పక్కన పెట్టి వాళ్ళు కొన్నది వాళ్ళకి ఉంచండి, కొత్తగా చేర్చే క్లౌడ్ లాంటి వాటికే నెలవారీ పెట్టండి.

విడుదలకి ముందు మీ జీమెయిల్‌ని ప్లే కన్సోల్‌లో (యాప్‌లు పెట్టేవాళ్ళకి గూగుల్ ఇచ్చే సైటు) లైసెన్స్ టెస్టర్‌గా పెట్టుకుని కొని చూడండి, డబ్బు కట్ అవదు. టెస్ట్‌లో నెల ప్లాన్ 5 నిమిషాలకోసారి, ఏడాది ప్లాన్ 30 నిమిషాలకోసారి రెన్యూ అవుతుంది, ఒక టీ తాగి వచ్చేలోపు రెండు మూడు నెలలు గడిచినట్టు. అప్పుడు మధ్యలో క్యాన్సిల్ చేసి, కట్టిన గడువు అయ్యేదాకా యాప్ తెరుచుకునే ఉందో లేదో, గడువు అయ్యాక వాళ్ళు రాసుకున్న డేటా కనపడుతుందో లేదో చూడండి. డబ్బు ఆగిపోయినా వాళ్ళ లెక్కలు వాళ్ళు చూసుకోగలగాలి, కొత్తవి రాయడం మాత్రమే ఆగాలి.