ఇల్లు కట్టే ముందు ఇంజనీరు ఫీజు ఎలా మాట్లాడుకోవాలి

తిరుపతిలో ముప్పై అంకణాల స్థలంలో, అంటే మన లెక్కన అంకణానికి 36 చొప్పున 1,080 చదరపు అడుగుల్లో, ఇల్లు మొదలుపెట్టే కుటుంబం సిమెంటు బస్తా ధరను నాలుగు దుకాణాల్లో విచారిస్తుంది గాని, ఇంజనీరుకు ఇచ్చే సొమ్ముకు ఏయే పనులు జరుగుతాయో విచారించదు. ఎవరు తక్కువ అడిగితే వారికే పని అప్పగిస్తుంది. మా చిన్నాన్నగారి ఇంటికి జరిగిందదే. స్లాబు వేసే రోజు పొద్దున ఇంజనీరుకు ఫోను చేస్తే, “మేస్త్రీకి అంతా తెలుసు, వేయించేయండి” అన్న మాటే ఆ ఫీజుకు దక్కిన పర్యవేక్షణ.

ఫీజు అంకె అడగడానికి ముందే పనుల జాబితా రాయించుకోండి. మునిసిపల్ అనుమతి కోసం ఆన్‌లైన్‌లో పెట్టే ప్లాను గదుల కొలతలను, చుట్టూ వదలవలసిన ఖాళీలను చూపుతుంది. పిల్లరుకు ఎన్ని కమ్మీలు, వాటిని చుట్టి కట్టే రింగుల మధ్య ఎంత దూరం అన్నది మేస్త్రీకి తెలిపేది స్ట్రక్చరల్ డ్రాయింగు. “ప్లానుతో సహా అన్నీ కలిపి ఇంత” అని చౌకగా ఒప్పుకున్నచోట, ఈ రెండోది వేరే ఇంటికి గీసినదాని నకలుగా వచ్చే ప్రమాదం ఎక్కువ. కొండవారన రాయి తగిలే నేలకు, పాత చెరువు దిగువన బంకమట్టి ఉన్న నేలకు పునాది ఒకటే కాలేదు. 2021 నవంబరు వానల తర్వాత శ్రీకృష్ణనగర్‌లో భూమిలో దింపిన సిమెంటు రింగుల నీటితొట్టి పైకి లేచి నిలబడిన సంగతి ఊరంతా చూసింది. నేలలో నీరు ఎంత బలంగా పైకి నెడుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అందుచేత మట్టి పరీక్ష ఎవరు చేయిస్తారో, దాని ఖర్చు ఫీజులో కలిసిందో లేదో తప్పక అడగాలి.

తర్వాత ఒక లెక్క వేయండి. ఉదాహరణకు ఫీజు 20,000 రూపాయలు అనుకుందాం. డ్రాయింగులకు ఆరు రోజులు, సైటుకు పన్నెండు పూటలు, అంటే మరో ఆరు రోజులు పడితే రోజుకు 1,667 రూపాయలు వస్తాయి. అందులోనే ఆఫీసు అద్దె, సహాయకుని జీతం, పెట్రోలు. ఈ సొమ్ము చాలనప్పుడు సైటుకు వచ్చే పూటలైనా తగ్గుతాయి, లేదా సామగ్రి దుకాణం ఇచ్చే కమీషనుతో లోటు పూడుతుంది. రెండింటిలో ఏది జరిగినా నష్టపోయేది మనమే.

కనుక ఫుటింగు (పిల్లరు కింద పునాది దిమ్మ), ప్లింత్ బీము (గోడల కింద పునాది మీద వేసే దూలం), ప్రతి అంతస్తు పిల్లర్లు, ప్రతి స్లాబు కాంక్రీటుకు ముందు ఇంజనీరు స్వయంగా చూసి సంతకం చేయాలని ఒప్పందంలో రాయించాలి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఆర్.సి.సి.కి, అంటే కమ్మీలు వేసి పోసే కాంక్రీటుకు, కనీసం ఎం20 అనే బలం గ్రేడు వాడాలి. పిల్లరు కమ్మీల మీద సాధారణంగా 40 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. పొడిగా, వేడిగా ఉండే రోజుల్లో క్యూరింగు, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, పది రోజులకు తగ్గకూడదు. మన మే నెల ఎండల్లో ఈ చివరి నియమం మేస్త్రీ ఇష్టానికి వదిలేది కాదు.

నిర్మాణ వ్యయంలో శాతంగా ఫీజు అడిగితే, ఖర్చు పెరిగితే ఫీజు కూడా పెరుగుతుందని గుర్తుంచుకుని, మొదటి అంచనా మీదే మొత్తాన్ని స్థిరపరచమనండి. 18 శాతం జీఎస్టీ అందులో ఉందో లేదో తేల్చుకోండి. ఆర్కిటెక్టునంటే 1972 చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చిన నమోదు సంఖ్య చూపమనండి. పెద్ద ఫీజు దానంతటదే మంచి పనికి హామీ కాదు. మీరు మాట్లాడుకునే ఇంజనీరు అంతకుముందు కట్టించిన ఇంటికి వెళ్లి, యజమానితో అరగంట మాట్లాడటం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. సొమ్మును డ్రాయింగులు, పునాది, స్లాబు, ముగింపు అని దశలవారీగా చెల్లించండి.

ఇప్పటికే తక్కువ ఫీజుకు ఒప్పుకున్నవారు ఇంజనీరుతో తగవు పెట్టుకోనవసరం లేదు. సైటుకు వచ్చిన ప్రతిసారికీ ఇంతని విడిగా ఇస్తామని చెప్పి, కాంక్రీటుకు ముందురోజు సాయంత్రం, కమ్మీలు కట్టడం పూర్తయి సెంట్రింగు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నప్పుడు పిలిపించండి. ఏదైనా తప్పు కనిపిస్తే దిద్దుకోవడానికి రాత్రి సమయం మిగిలి ఉంటుంది.