రెట్రోపైలో వైఫై: పాస్‌వర్డ్ కొట్టకముందే చూసుకోవాల్సినవి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనూ చుట్టుపక్కల పీజీల్లోనూ ఉండే మన తెలుగు కుర్రాళ్లకి ఇప్పటిదాకా ఓ పదిహేను రాస్ప్‌బెర్రీ పై బోర్డులకి (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) రెట్రోపై, అంటే పాత వీడియో గేమ్స్ ఆడించే సాఫ్ట్‌వేర్, వేసి ఇచ్చి ఉంటాను. గేమ్ నడిపించడం దాకా ఎవరికీ ఇబ్బంది రాదు. వైఫై దగ్గరికొచ్చేసరికి ఫోన్ వస్తుంది, "అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, కనెక్ట్ అవ్వట్లేదు" అని. వాళ్లు కొట్టేది నిజంగానే కరెక్టు పాస్‌వర్డ్. బోర్డుకి చేరేది మాత్రం వేరేది.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. పై 3 లేదా పై 4, 32 జీబీ మెమరీ కార్డు, యూఎస్‌బీ కీబోర్డు, సరైన ఛార్జర్ (పై 3కి 2.5 ఆంప్స్, పై 4కి 3 ఆంప్స్). అన్నీ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. స్క్రీన్ మూలన పసుపు మెరుపు గుర్తు కనిపిస్తే కరెంటు చాలట్లేదని అర్థం, ఛార్జర్ మార్చండి. కేసు ప్లాస్టిక్‌దే కొనండి. వైఫై యాంటెన్నా బోర్డు మీదే ఉంటుంది, దాని చుట్టూ లోహపు డబ్బా బిగిస్తే సిగ్నల్ ఎక్కడినుంచి వస్తుంది? ఇక ఇమేజర్‌తో (కంప్యూటర్ నుంచి కార్డులోకి సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామ్) కార్డులోకి రెట్రోపై ఎక్కించడం, జాయ్‌స్టిక్ బటన్లు చెప్పడం, అది అడిగినట్టు చేసుకుంటూ పోతే అయిపోతాయి.

వైఫై డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే వైఫై ముక్క) కొనకండి. 2016లో వచ్చిన పై 3 నుంచీ వైఫై బోర్డులోనే ఉంది. పోయినేడాది ఒకబ్బాయి ఎవరో చెప్పారని రెండు డాంగిల్స్ కొని, రెండూ పనిచేయక, చివరికి బోర్డే పోయిందనుకుని అమ్మేయబోయాడు. బోర్డుకి ఏమీ కాలేదు.

ముందు దేశం. రెట్రోపై మెనూలో రాస్పీ-కాన్ఫిగ్ (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) తెరిచి, లోకలైజేషన్ ఆప్షన్స్‌లో డబ్ల్యూల్యాన్ కంట్రీ (వైఫై వాడే దేశం) దగ్గర ఇండియా పెట్టండి. రేడియో చానళ్ల నియమాలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి, దేశం చెప్పేదాకా వైఫైని ఆపి ఉంచే అవకాశం ఉంది. అమెరికా అని పెడితే 2.4 గిగాహెర్ట్జ్‌లో 11వ చానల్ దాకానే చూస్తుంది, మన దగ్గర రౌటర్ 12లోనో 13లోనో ఉంటే దాని పేరే లిస్టులోకి రాదు.

ఇప్పుడు అసలు సంగతి, కీబోర్డు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఈ బోర్డు పుట్టింది ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో, అందుకని మీరు తగిలించిన కీబోర్డు కూడా బ్రిటన్‌దే అనుకుంటుంది. మన దగ్గర అమ్మేవన్నీ దాదాపుగా అమెరికా లేఅవుట్‌వి, అంటే ఏ బటన్‌కి ఏ గుర్తు అన్న అమరిక అమెరికాది. రెండిటికీ అక్షరాలు ఒకటే, గుర్తులు వేరు. మీరు షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే @ రావాలి, బ్రిటన్ లేఅవుట్‌లో " వస్తుంది. షిఫ్ట్‌తో 3 నొక్కితే # బదులు పౌండు గుర్తు వస్తుంది. మనవాళ్ల వైఫై పాస్‌వర్డ్ చూడండి, పేరు, @, 123. ఆ ఒక్క @ దగ్గరే అంతా తప్పిపోతుంది, మీరేమో పదిసార్లు అదే కొట్టి, రౌటర్ ఆపి ఆన్ చేసి, తలప్రాణం తోకకొచ్చి నాకు ఫోన్ చేస్తారు.

అనుమానం తీర్చుకోవడానికి గేమ్స్ లిస్టు ఉన్న స్క్రీన్ మీద ఎఫ్4 నొక్కండి. నల్ల తెర వస్తుంది. అక్కడ మీ పాస్‌వర్డ్ మొత్తం కొట్టి (ఎంటర్ నొక్కకండి) కళ్లతో చదువుకోండి. @ ఉన్నచోట " కనిపిస్తే దొరికినట్టే. దాన్ని చెరిపేసి, బోర్డుని రీబూట్ చేసి, మళ్లీ రాస్పీ-కాన్ఫిగ్‌లో లోకలైజేషన్‌కి, అక్కడినుంచి కీబోర్డుకి వెళ్లండి. మోడల్ జెనెరిక్ 105 అని ఉన్నది చాలు. ఆ తర్వాత వచ్చే లిస్టులో ఇంగ్లిష్ యూకే రకాలే కనిపిస్తాయి, చాలామంది అమెరికాది లేదనుకుని ఇక్కడే వెనక్కి వచ్చేస్తారు. అదర్ అని ఉంటుంది, అది నొక్కి, ఇంగ్లిష్ యూఎస్ ఎంచుకోండి. మిగతా ప్రశ్నలకి ఉన్నది ఉన్నట్టే వదిలేసి, రీబూట్ చేసి, నల్ల తెర మీద @ ఇంకోసారి కొట్టి చూడండి. సరిగ్గా వచ్చాకే ముందుకి.

కీబోర్డు గొడవ లేకుండా కంప్యూటర్‌లోనే కార్డు బూట్ భాగంలో వైఫై వివరాల ఫైలు పెట్టే పద్ధతి కూడా ఉంది. నేను చేయను. విండోస్‌లో ఫైలు పేరు చివరి భాగం దాగి ఉంటుంది, మీకు తెలియకుండా పేరు చివర .టీఎక్స్‌టీ రెండుసార్లు పడుతుంది, బోర్డుకి ఆ ఫైలు దొరకదు.

ఇక రెట్రోపై మెనూలో వైఫై తెరిచి, మీ నెట్‌వర్క్ ఎంచుకుని, పాస్‌వర్డ్ కొట్టండి. రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంటే 2.4ది తీసుకోండి. పై 3బి, జీరో 2 డబ్ల్యూ బోర్డులకి 5 గిగాహెర్ట్జ్ కనబడనే కనబడదు. 3బి ప్లస్‌కి, పై 4కి కనబడుతుంది, అయినా నేను వాటిక్కూడా 2.4యే పెడతాను. గోడలు దాటుకుని వస్తుంది, 8-బిట్ గేమ్ ఫైలు చాలావరకు ఒక ఎంబీ కూడా ఉండదు, స్పీడుతో పనేముంది?

పీజీలో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. బ్రౌజర్‌లో పేజీ తెరిచి ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే వైఫై అయితే దీంతో కుదరదు, రెట్రోపైలో బ్రౌజర్ ఉండదు కాబట్టి. ఫోన్ హాట్‌స్పాట్‌ని 2.4కి మార్చి దానికి కలపండి, ల్యాప్‌టాప్‌ని కూడా దానికే కలపండి.

కనెక్ట్ అయ్యాక రెట్రోపై మెనూలో షో ఐపీ నొక్కితే అంకెలు (నెట్‌వర్క్‌లో బోర్డు చిరునామా) కనిపించాలి. అవి వచ్చాయంటే ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో రెట్రోపై ఫోల్డర్ తెరుచుకుని, అందులో రామ్స్ (roms, గేమ్ ఫైళ్లు ఉండే ఫోల్డర్) లోపల ఏ పాత గేమ్ మెషీన్‌ది ఆ మెషీన్ ఫోల్డర్‌లో వేయండి. కాపీ అయిన వెంటనే గేమ్స్ కనిపించట్లేదని కంగారుపడకండి, స్టార్ట్ నొక్కి క్విట్‌లో ఎమ్యులేషన్‌స్టేషన్‌ని (గేమ్స్ లిస్టు చూపించే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేస్తే లిస్టులోకి వస్తాయి.